రద్దు చేసింది మిషన్ అంటున్నారు, మరి ఫిర్యాదు ఎవరికి?



ఈద్ రెండోరోజు నిజామాబాద్‌లో ఆపా వాళ్లింట్లో దావత్. దస్తర్‌ఖాన్ చుట్టూ అందరం ఖుషీగానే ఉన్నాం, మా భాంజీ నోరు తెరిచే దాకా. ఆ పిల్ల ఈ ఏడే కంప్యూటర్ సైన్స్‌లో ఇంజినీరింగ్ పూర్తి చేసింది. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ నౌకరీ. రెండోది ఒక యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు.

"అబ్బా, నేను సీటు తీసుకుంటా. హుకూమత్ చేతికి వచ్చిన ఈ కంప్యూటర్లు జనాన్ని ఏం చేస్తున్నాయి, వాటికి లగాం ఎవరు వేయాలి అనేది చదువుతా. తర్వాత పీహెచ్‌డీ చేస్తా" అంది.

దూల్హేభాయ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "కైకు జీ ఏ పఢాయీ? ఇస్సే క్యా మిల్తా?" అన్నారు. ఎందుకీ చదువు, దీంతో ఏమొస్తుంది? ఆపా ఇంకో మాట కలిపింది. "రిష్తా వాళ్లు అడిగితే ఏం చదువుతోందని చెప్పాలి?" అందరూ నా వైపు చూశారు. ఖాందాన్‌లో సహాఫీని నేనే కదా, నాకు తెలుస్తుందని. నేనేమన్నానో తెలుసా? "బేటీ, ముందు నౌకరీలో చేరు. రెండేళ్లు గడిచాక చూద్దాం."

"మామూజాన్, మీరూ అదే అంటారా?" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ మాట నాలుగు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే పాతికేళ్ల కిందట నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేస్తానంటే ఇదే దస్తర్‌ఖాన్ మీద ఇదే సవాల్ వచ్చింది. "ఇస్సే క్యా మిల్తా?" ఆ తెలుగే ఈరోజు నా రోజీ రోటీ. ఆ తెలుగుతోనే మన బస్తీల గోడు పత్రికల దాకా మోశాను. అట్లాంటి నేను ఆ పిల్ల ముందు దూల్హేభాయ్ పక్కన కూర్చున్నాను. తప్పు నాదే. ఆ తప్పు ఒప్పుకోవడానికీ, మనందరితో కొంచెం తగాదా పడటానికీ ఇది రాస్తున్నా.

ముందు మా ఖాలా సంగతి చెప్పాలి. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. వేళ్ల మీద గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. బియ్యం తెచ్చుకోవడానికి దుకాణానికి వెళ్తే మిషన్ ఆమె వేలిని గుర్తుపట్టదు. తుడిచి పెట్టమంటారు, ఇంకో వేలు పెట్టమంటారు, కొబ్బరినూనె రాసుకుని రేపు రమ్మంటారు. ఒకసారి నాలుగు రోజులు తిరిగింది. నాలుగు రోజుల బీడీ కూలీ పోయింది. దుకాణం ఆయన చెడ్డవాడు కాదు. "నేనేం చేయను అమ్మా, మిషన్ తీసుకోవట్లేదు" అన్నాడు. పై ఆఫీసులో అడిగితే వాళ్లదీ అదే జవాబు. మిషన్. మిషన్. మిషన్. ఆమె ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషి ముందు నిలబడి తాను తానేనని రుజువు చేసుకోలేకపోయింది.

ఇంటికొచ్చి అడిగింది, "బేటా, మిషన్ మీద ఫిర్యాద్ కహాఁ కర్నా?" ఎక్కడ చేయాలి? ఇన్నేళ్ల సహాఫత్‌లో నాకు జవాబు దొరకని సవాళ్లలో అదొకటి.

ఒక్కసారి ఈ లఫ్జులు చూడండి. అర్జీ, హాజరు, దర్యాప్తు, మంజూరు, రద్దు, ఫిర్యాదు, జప్తు, రసీదు, వకీలు. తెలుగువాళ్లు రోజూ వాడే ఈ దఫ్తర్ మాటలన్నీ మన జబాన్ దారిలో వచ్చినవే. అరబీ, ఫార్సీల్లో పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగులోకి దిగి ఇక్కడే స్థిరపడ్డాయి. ఈ మాటల వరుసలో ఒక ఇన్సాఫ్ ఉంది. మనిషి అర్జీ పెడతాడు. అధికారి దర్యాప్తు చేస్తాడు. తర్వాతే మంజూరో రద్దో. రద్దయితే ఫిర్యాదుకు ఇంకో గడప ఉంటుంది. జాలిమ్ అధికారులు అప్పుడూ ఉన్నారు, లంచం తినేవాళ్లూ ఉన్నారు. కానీ ఎదురుగా ఒక మొహం ఉండేది, ఒక దస్తఖత్ ఉండేది. ఇప్పుడు దర్యాప్తు లేకుండానే రద్దు వస్తోంది. దస్తఖత్ లేదు. మొహం లేదు. ఫిర్యాదు తీసుకునే గడప లేదు.

ఇది మా ఖాలా ఒక్కదాని కథ అనుకుంటే పొరపాటే. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల రికార్డులను ఒకచోట చేర్చి, ఈ కాగితంలో ఉన్న మనిషి, ఆ కాగితంలో ఉన్న మనిషి ఒక్కరేనని తేల్చడం దాని పని. బండి రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరు, రేషన్ కార్డులో ఉన్న పేరు కలిశాయనుకోండి, "వీళ్లకు కారుంది, గరీబులు కారు" అని గుర్తు పెడుతుంది. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. అర్హత తేల్చే పనిలో ఈ వ్యవస్థనూ వాడారు. 2024 జనవరిలో అల్ జజీరా, రిపోర్టర్స్ కలెక్టివ్ కలిసి దీని మీద పెద్ద పరిశోధన అచ్చువేశాయి. అందులో హైదరాబాద్‌లోని ఒక ముసలి బేవా కథ ఉంది. ఆమె షౌహర్ రిక్షా లాగిన మనిషి. అతని పేరుకు దగ్గరగా ఉన్న పేరుతో ఇంకెవరికో కారుంది. కంప్యూటర్ ఇద్దరినీ ఒక్కరిని చేసింది. బియ్యం ఆగిపోయింది.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని, రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడమని చెప్పింది. ఆ జూలై నాటికి రెండు లక్షల పైచిలుకు అర్జీలు చూస్తే, 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. ముందు చేయాల్సిన దర్యాప్తు కోర్టు హుకుం మీద ఏళ్ల తర్వాత జరిగిందన్నమాట. ఈ మధ్యలో ఆ ఇళ్లలో ఎంతమంది పస్తులున్నారో ఏ డేటాబేస్‌లోనూ ఉండదు.

ఇప్పుడు మీ ఇంట్లో కాగితాలు ఒకసారి తీసి చూడండి. ఆధార్‌లో షేక్, ఓటర్ కార్డులో షైక్, పాస్‌పోర్ట్‌లో షేఖ్. ఒకదాంట్లో మహమ్మద్ పూర్తిగా, ఇంకోదాంట్లో రెండక్షరాలు పెట్టి చుక్క. అమ్మీ పేరు నికానామాలో బేగం, రేషన్ కార్డులో బీ, బ్యాంకులో బీబీ. ఇంటిపేరు పెట్టమంటే కొందరు అబ్బా పేరు రాస్తారు, కొందరు సయ్యద్ అని రాస్తారు. ఉర్దూలో ఒకే తీరుగా రాసే పేరు తెలుగులోకి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి దిగేసరికి నాలుగు రకాలవుతుంది. ఇంకోవైపు ఒకే మహల్లాలో పదిమంది సయ్యద్ అలీలు ఉంటారు. అంటే కంప్యూటర్‌కు మనలో ఒక్క మనిషి నలుగురిగా కనిపిస్తాడు, పదిమంది ఒక్కరిగా కనిపిస్తారు.

"మిషన్‌కు మజహబ్ ఏముంది?" అని పెద్దపెద్దవాళ్లు టీవీల్లో అడుగుతారు. నిజమే, మిషన్‌కు మజహబ్ లేదు. కానీ పేర్లను ఎట్లా పోల్చాలో రాసిన వాడికి ఒక ఇల్లుంది, ఒక జబాన్ ఉంది. అతని ఇంట్లో బీ అని, బేగం అని రెండు పేర్లున్న ఖాలా లేదు. అందుకని ఆ సంగతి అతనికి తట్టలేదు. దుష్మనీ అక్కర్లేదు, బేఖబర్‌గా ఉంటే చాలు, వేల ఇళ్ల పొయ్యి ఆరిపోతుంది. ఆ బేఖబరీని సబూత్‌తో సహా పట్టుకుని, "ఇదిగో, ఇక్కడ తప్పుంది, ఇట్లా దిద్దండి, దిద్దేదాకా ఆపండి" అని చెప్పే ఇల్మ్ ఒకటుంది. మా భాంజీ చదువుతానన్నది ఆ ఇల్మే.

దీన్ని యూనివర్సిటీల్లో సైన్స్, టెక్నాలజీ, సొసైటీ స్టడీస్ అంటారు. టెక్నాలజీ గవర్నెన్స్ అనీ, టెక్నాలజీ పాలసీ అనీ అంటారు. పేరేదైనా పని ఒకటే. మన పాత షహర్లలో బజార్‌కు ముహ్తసిబ్ ఉండేవాడు. తరాజూ సరిగ్గా ఉందా, బాట్లు అరిగాయా, పాలల్లో నీళ్లు కలిపారా అని చూడటం అతని ఫర్జ్. పదకొండో శతాబ్దంలో అల్ మావర్దీ రాసిన హుకూమత్ కితాబ్‌లో ఈ హిస్బా కొలువు మీద ఒక బాబ్ ఉంది. తరాజూ తయారుచేసేవాడు వేరు, తరాజూతో అమ్మేవాడు వేరు, తరాజూను తనిఖీ చేసేవాడు వేరు. ముగ్గురూ ఒక్కరే అయితే గాహక్ గతేం కావాలి? ఈరోజు బియ్యం ఎవరికివ్వాలి, కర్జా ఎవరికివ్వాలి, పోలీసు ఎవరిని ఆపాలి అని తూచేది కంప్యూటర్. ఆ కంప్యూటర్ తయారుచేసే ఇంజినీర్లు మన ఇళ్లలోనూ మాషా అల్లాహ్ వేలల్లో తయారయ్యారు. ముహ్తసిబ్‌లు ఎందరున్నారు? వేళ్ల మీద లెక్కపెట్టండి, వేళ్లు మిగిలిపోతాయి.

"ఈ చదువుతో ఏమొస్తుంది" అన్న దూల్హేభాయ్ సవాల్‌కు జవాబుగా కొందరి జిందగీలు చెప్తాను.

షీలా జసనాఫ్ కలకత్తాలో పుట్టారు. హార్వర్డ్‌లో గణితం చదివారు, భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు, ఆ తర్వాత వకాలత్ చదివారు. ఇన్ని దారులు మారిన పిల్లను మన ఖాందాన్‌లో ఏమనేవాళ్లమో మీకు తెలుసు. ఆమె ఆ మూడింటినీ కలిపి, సైన్స్ చెప్పింది కాబట్టి తలూపాల్సిందేనా, నిపుణుల మాట మీద జనానికి సవాల్ చేసే హఖ్ లేదా అనే విషయం మీద ఉమ్ర్ అంతా పనిచేశారు. కార్నెల్‌లో, తర్వాత హార్వర్డ్‌లో ఈ చదువుకు పునాదులు వేశారు. 2022లో నార్వే ఆమెకు హోల్‌బర్గ్ ప్రైజ్ ఇచ్చింది.

జాయ్ బువొలామ్‌వీనీ అనే ఆఫ్రికన్ మూలాల అమ్మాయి అమెరికాలోని ఎంఐటీలో చదువుతూ ఒక కెమెరా ముందు కూర్చుంటే అది ఆమె మొహాన్నే గుర్తించలేదు. తెల్ల మాస్క్ పెట్టుకుంటే గుర్తించింది. ఆమె అలిగి ఊరుకోలేదు, లెక్క తీసింది. 2018లో టిమ్‌నిట్ గెబ్రూతో కలిసి అచ్చువేసిన పరిశోధనలో, మొహం చూసి మర్దా ఔరతా చెప్పే సాఫ్ట్‌వేర్లు తెల్ల మగవాళ్ల విషయంలో ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం తప్పు చేస్తే, నల్ల ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా తప్పు చేస్తున్నాయని తేల్చింది. తర్వాత రెండేళ్లకు, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద జనం రోడ్లెక్కిన రోజుల్లో, ఐబీఎం మొహాలు గుర్తించే సాధారణ సాఫ్ట్‌వేర్ వ్యాపారం మానుకుంటానంది. అమెజాన్ పోలీసులకు అమ్మడం ఆపింది. ఆ రోజు అడగడానికి జనం చేతిలో ఆ లెక్క సిద్ధంగా ఉంది.

మన దేశంలో రీతికా ఖేరా ఆర్థికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. వేలిముద్ర మిషన్ వల్ల రేషన్ దగ్గర, పెన్షన్ దగ్గర గరీబులు ఎట్లా మిగిలిపోతున్నారో గ్రామాలు తిరిగి రాశారు. ఉషా రామనాథన్ కానూన్ పరిశోధకురాలు. ఆధార్ కొత్తగా వచ్చిన రోజుల్లో, అందరూ వాహ్‌వా అంటున్నప్పుడు సవాల్ చేసిన కొద్దిమందిలో ఆమె ఒకరు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు బెంచ్ ప్రైవసీ మన బునియాదీ హఖ్ అని చెప్పింది. అట్లాంటి ఫైసలా వెనక వకీళ్ల తఖ్రీర్ ఒక్కటే ఉండదు. ఎన్నో ఏళ్ల చదువు, రాత ఉంటాయి.

ఇక మన హైదరాబాద్‌కు వద్దాం. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారిని పాతబస్తీలో పోలీసులు ఆపారు. మాస్క్ తీయమన్నారు. ఆయన తీయనన్నారు. అయినా ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఎక్కడికి పోతుంది, ఎన్నాళ్లుంటుంది, ఏ కానూన్ కింద తీశారు అని ఆయన అడిగారు. హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు హుకూమత్‌కు నోటీసులిచ్చింది. నిఘా అన్న మాట కూడా మన నిగాహ్ నుంచి వచ్చిందే. నిగాహ్‌లో ప్రేమ ఉండొచ్చు, అనుమానమూ ఉండొచ్చు. మన మహల్లాల మీద పడేది ఏ నిగాహో 2021 నవంబర్‌లో ఆమ్నెస్టీ, ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్, ఆర్టికల్ 19 చేసిన సర్వే చూసి అర్థం చేసుకోండి. కాలాపత్థర్‌లో కనీసం 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం జాగా కెమెరాల చూపు కిందే ఉందని వాళ్లు అంచనా కట్టారు.

ఆ కొలత ఎట్లా వచ్చింది? ఎవరో గల్లీ గల్లీ తిరిగి కెమెరాలు లెక్కపెట్టారు, అవి ఎంత దూరం చూస్తాయో లెక్కగట్టారు. అదీ ఇల్మే. "మా మీద నిఘా పెట్టారు" అని వంద జల్సాల్లో అరిస్తే రాని జవాబ్, ఒక నంబర్ ముందు పెడితే రావచ్చు. కోర్టుకు ఆవాజ్ చాలదు, సబూత్ కావాలి.

నెదర్లాండ్స్‌లో జరిగింది కూడా మన ఇళ్లలో తెలియాలి. అక్కడ పిల్లల సంరక్షణ కోసం హుకూమత్ తల్లిదండ్రులకు డబ్బిస్తుంది. మోసం చేసేవాళ్లను పట్టుకోవడానికి పన్నుల శాఖ ఒక కంప్యూటర్ పద్ధతి పెట్టింది. డచ్ పౌరసత్వం ఉందా లేదా అన్నది కూడా అనుమానానికి ఒక గుర్తయింది. వేల కుటుంబాల మీద మోసగాళ్లని ముద్ర పడింది. వాటిలో మొరాకో, తుర్కీ, సురినామ్ మూలాల ఇళ్లు ఎన్నో. ఏళ్లుగా తీసుకున్న డబ్బంతా వాపస్ కట్టమన్నారు. ఇళ్లు పోయాయి, నికాహ్‌లు తెగిపోయాయి. ఒక వకీలు, ఇద్దరు పార్లమెంటు సభ్యులు, రెండు వార్తా సంస్థల సహాఫీలు పట్టువదలకుండా తవ్వితే నిజం బయటికొచ్చింది. 2021 జనవరిలో అక్కడి హుకూమతే రాజీనామా చేసింది. హుకూమత్‌ను దించింది గుంపు కాదు. దస్తావేజులు చదవగలిగిన కొద్దిమంది.

ఇప్పుడు మనతో మనకున్న తగాదా.

మనం పిల్లలకు మూడే దారులు చూపిస్తాం. డాక్టర్, ఇంజినీర్, ఖలీజ్ వీసా. నాలుగోది అడిగితే దిమాగ్ ఖరాబైందంటాం. తర్వాత కార్డు రద్దయితే లీడర్ ఇంటిముందు నిలబడతాం. కెమెరా పెడితే వాట్సాప్‌లో "సాజిష్, సాజిష్" అని ఫార్వర్డ్ చేస్తాం. సాజిష్ అన్న మాట ఎంత సులువో చూడండి, దానికి చదవక్కర్లేదు. ఏ కాలమ్‌లో ఏముంది, ఏ టెండర్‌లో ఏం రాశారు, సమాచార హక్కు అర్జీకి ఏం జవాబిచ్చారు అని కూర్చుని చదవడం కష్టం. మన లీడర్లను ఒక్కసారి అడగండి, "జనాబ్, పర్సనల్ డేటా మీద 2023లో వచ్చిన కానూన్‌లో హుకూమత్‌కు ఏ మినహాయింపులున్నాయి?" అని. ఎంతమంది జవాబిస్తారో చూద్దాం.

యూనివర్సిటీల వాళ్లతోనూ తగాదా ఉంది. మన బస్తీలకొచ్చి, మన అమ్మీల చేతి చాయ్ తాగి, వాళ్ల దుఃఖం రికార్డ్ చేసుకుని, ఇంగ్లీషులో పేపర్ రాసి, విదేశంలో చదివి ప్రొఫెసర్ అయిపోయిన వాళ్లున్నారు. ఆ పేపర్ మళ్లీ ఆ గల్లీకి రాదు. ఉర్దూలో రాదు, తెలుగులో రాదు. ఒకరి దుఃఖం అమానత్‌గా తీసుకుని వాపస్ ఇవ్వకపోవడాన్ని మన జబాన్‌లో ఖియానత్ అంటారు. ఇంకో ఖరాబీ డబ్బు. అబ్దల్లా అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు 2021లో ఒక పేపర్ రాశారు. ఒకప్పుడు సిగరెట్ కంపెనీలు సైంటిస్టులకు డబ్బిచ్చినట్టే ఇప్పుడు పెద్ద టెక్ కంపెనీలు కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్లకు డబ్బిస్తున్నాయని. పేరుమోసిన నాలుగు యూనివర్సిటీల్లో, డబ్బు ఎక్కడిదో తెలిసిన ప్రొఫెసర్లలో సగానికి మించి ఆ కంపెనీల సొమ్ము ఏదో ఒక దశలో అందుకున్నవాళ్లే. బాట్లు అమ్మేవాడి జేబులోంచి ముహ్తసిబ్ తనఖా తీసుకుంటే తూకం ఎట్లా ఉంటుంది? కంపెనీ లోపలే ఉండి నిజం చెప్పబోయిన టిమ్‌నిట్ గెబ్రూ 2020 డిసెంబర్‌లో గూగుల్ నుంచి బయటికి రావాల్సి వచ్చింది. తననే తీసేశారని ఆమె, తానే వెళ్లిందని కంపెనీ.

కాబట్టి ఈ కెరీర్ పూలబాట అని నేను అబద్ధం చెప్పను. మా భాంజీకి కూడా చెప్పను. కానీ ఆ ఖాళీ జాగాలో మన పిల్లలు లేకపోతే మన గురించి ఇంకెవరో రాస్తారు. మన పేర్లు వాళ్లకు పలకడం కూడా రాదు. బీడీ చుట్టిన వేలు ఎందుకు నున్నగా ఉంటుందో, బీకీ బేగంకీ తేడా ఎందుకు లేదో, ఖాలా అన్న "మిషన్ నక్కో బోలా" అనే మాటలో ఎంత అవమానం ఉందో, ఇవి పుస్తకంలో నేర్చుకునేవి కావు. కోడ్ చదవగలిగి, కానూన్ చదవగలిగి, ఖాలా పక్కన చాప మీద కూర్చోగలిగిన మనిషి కావాలి. ఆ మూడూ ఉన్న పిల్ల మా దస్తర్‌ఖాన్ మీదే కూర్చుంటే నేను గుర్తుపట్టలేదు. మిషన్ ఖాలాను గుర్తుపట్టనట్టే.

ఖర్చు సంగతి దాచకూడదు. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీలో నెలకు 37 వేల రూపాయలు, మొదటి రెండేళ్ల తర్వాత 42 వేలు వస్తాయి. 2023 జనవరి నుంచి ఈ రేట్లున్నాయి. సాఫ్ట్‌వేర్ జీతం ముందు ఎక్కువేం కాదు, పస్తు మాత్రం కాదు. మన పిల్లలకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేశామని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. మిగతా పథకాలతో కలిసిపోతోందట. 2020-21 ఉన్నత విద్య సర్వేలో మన వాటా 4.6 శాతం. 2011 లెక్కల్లో జనాభాలో మన వాటా 14.2 శాతం. ఇంత తక్కువమంది పై చదువులకు చేరుతున్నచోట ఆసరా తీసేయడం ఏ ఇన్సాఫ్? దీని మీద హుకూమత్‌ను అడగాలి. అడుగుతూనే, మన నికాహ్ దావత్‌లో నాలుగు రకాల మీఠా పెట్టే ఖర్చును కూడా ఒకసారి అడగాలి. ఒక వలీమా తగ్గిస్తే ఒక ఎం.ఏ. పూర్తవుతుంది. నా మాట కఠినంగా ఉంటే మాఫ్ చేయండి, లెక్క మాత్రం సరిచూసుకోండి.

చదవడానికి అమెరికా పోవాల్సిన పనీ లేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాలెడ్జ్, కల్చర్, ఇన్నోవేషన్ స్టడీస్ కేంద్రం ఉంది. జేఎన్‌యూలో సైన్స్ పాలసీ కేంద్రం ఉంది. ఢిల్లీ ఐఐటీలో పబ్లిక్ పాలసీ స్కూల్ ఉంది. లా చదివి ఇటు రావచ్చు, ఆర్థికశాస్త్రం చదివి రావచ్చు, నాలాగా భాష చదివి కూడా రావచ్చు.

భాష అంటే గుర్తొచ్చింది. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో ఉర్దూలో పాఠాలు చెప్పడానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, కానూన్, డాక్టరీ కితాబులు ఉర్దూలోకి తెచ్చారు. లేని లఫ్జ్‌కు కూర్చుని బహస్ చేసి లఫ్జ్ తయారుచేశారు. మన దాదాల జమానాలో మనం సైన్స్‌కే మాటలిచ్చినవాళ్లం. ఈరోజు ఆల్గరిథమ్ అంటే ఏమిటో ఖాలాకు చెప్పడానికి మన దగ్గర ఒక మాట లేదు. విడ్డూరం ఏమిటంటే ఆ మాట పుట్టిందే అల్ ఖ్వారిజ్మీ పేరు మీద. పేరు మనదని ఫఖ్ర్ పడటం వచ్చు, పని చదవడం రాదు.

నేను ఈద్ తర్వాత నాలుగోరోజు భాంజీకి ఫోన్ చేసి మాఫీ అడిగాను. "మామూజాన్, నాకు మాఫీ వద్దు, అబ్బాతో మాట్లాడండి" అంది. మాట్లాడాను. దూల్హేభాయ్ ఇంకా హా అనలేదు, నా కూడా అనలేదు. సీటు ఫీజు కట్టడానికి ఈ నెలాఖరు దాకా టైముంది. ఆయన ఈ బ్లాగ్ చదువుతారు. అందుకే ఇక్కడ అందరి ముందు రాస్తున్నా.

దూల్హేభాయ్, ఇది నా అర్జీ. దర్యాప్తు చేసుకోండి, ఎవరినైనా అడగండి, పిల్లను కూర్చోబెట్టి పూర్తిగా వినండి. ఆ రోజు దస్తర్‌ఖాన్ మీద మనమిద్దరం చేసింది మాత్రం దర్యాప్తు లేని రద్దు. ఖాలాకు మిషన్ చేసింది అదే. ఇది చదువుతున్న మిగతా అబ్బాలకు, అమ్మీలకు కూడా ఇదే నా మాట. మీ ఇంట్లో ఏ పిల్లయినా మీకు తెలియని చదువు పేరు చెబితే, రద్దు చేసే ముందు ఒక్క సాయంత్రం వినండి.

ఫీజులో సగం నేను కడతాను. ఇది కూడా అందరి ముందే రాస్తున్నా, తర్వాత తప్పించుకోకుండా.

ఖుదా హాఫిజ్.